మందులకు లొంగని సూక్ష్మజీవులు

మూత్రసంబంధమైన బాధలను గూర్చి నలుగురిలో చెప్పుకొనుటకు మనవారు సంకోచింతురు. స్త్రీలు ఇంటిలోని వారికైనను చెప్పక దినములు గడుపుటయు కలదు. మంట కలిగినచో, ఒంటికి వేడి చేసినదని బార్లీ నీరో, పలుచని మజ్జిగయో త్రాగి ఊరకుందురు. అప్పటికిని తగ్గనిచో, ఇంటిలో మరెవరికో వాడగా మిగిలిన మాత్రలు వెదకి రెండు మింగుదురు. మజ్జిగ త్రాగుటవలన వచ్చు ముప్పు లేదు. ఆ రెండు మాత్రలను గూర్చియే నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట, మంట, పొత్తికడుపులో నొప్పి, ఒక్కొక్కప్పుడు నెత్తురు చార కనిపించుట - ఇవి మూత్రాశయమున సూక్ష్మజీవులు చేరినవనుటకు గుర్తులు. వీనికి చలిజ్వరము, వాంతులు, వీపున ప్రక్కటెముకల క్రింద నొప్పి తోడైనచో వ్యాధి మూత్రపిండములకు ప్రాకినదని శంకింపవలెను. అప్పుడు ఒక్క పూటయైనను ఆలస్యము తగదు. స్త్రీలలో మూత్రము వెడలు నాళము సుమారు 4 సెంటీమీటర్లే యగుటచే సూక్ష్మజీవులు సులభముగా లోనికి చేరును. స్త్రీలలో సుమారు సగముమందికి జీవితమున ఒక్కసారియైనను ఈ వ్యాధి వచ్చునని అంచనా.

ఈ వ్యాధికి కారణమైన జీవులలో ప్రధానమైనది ఎషెరీషియా కోలి. 1885లో థియోడోర్ ఎషెరిక్ అను వైద్యుడు శిశువుల మలమును పరీక్షించుచు దీనిని వర్ణించెను. ఇది సాధారణముగా మన పేగులలోనే కాపురముండును. అచ్చట ఉన్నంతకాలము మనకు అపకారము చేయదు. దారి తప్పి మూత్రాశయమును చేరినప్పుడే చిక్కు. అనుకూలమైన పరిస్థితులలో ఇది ఇరువది నిమిషములకొకసారి రెండుగా చీలును. ఆ లెక్కను ఒక్క జీవి ఎనిమిది గంటలలో ఒక కోటి అరువది యేడు లక్షలకు పైగా పెరుగును. అంతటి సంతానములో ఏ ఒక్కదానికో మందును తట్టుకొను గుణము యాదృచ్ఛికముగా అబ్బుటలో వింత లేదు.

ఈ గుణము క్రొత్తదియు కాదు. 1940లో ఆక్స్‌ఫర్డులో ఏబ్రహాము, చెయిన్ అను శాస్త్రజ్ఞులు పెన్సిలినును విరుగగొట్టు పదార్థమొకటి ఈ కోలి జీవియందే కలదని కనుగొనిరి. ఆ విశ్వవిద్యాలయ వైద్యులు పెన్సిలినుతో రోగులకు చికిత్స ప్రారంభించినది 1941లో. అనగా వారి మందు రోగిని చేరకముందే దాని విరుగుడు సిద్ధముగా ఉన్నదన్నమాట. ఇందుకు కారణమును నేలలో వెదకవలెను. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపించుచుండగా, అచ్చటనే డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఇట్టి మందులు పెక్కు మట్టిలోని జీవులు ఇరుగుపొరుగు జీవులపై ప్రయోగించు ఆయుధములే. ఆయుధమున్నచోట కవచమును ఉండక తప్పదు.

అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి జపానులో బయటపడినది. 1959లో అచ్చటి శాస్త్రజ్ఞులు, పెక్కు మందులను ఒక్కమారే తట్టుకొను శక్తి కోలి జీవినుండి జిగట విరేచనములు కలిగించు జీవికి సంక్రమించుచున్నదని చూపిరి. ప్లాస్మిడ్ అను చిన్న వలయములపై ఈ విద్య యంతయు లిఖితమై యుండును. పూర్వము పొయ్యి రాజుకొనుటకు పొరుగింటినుండి నిప్పు తెచ్చుకొనునట్లు, ఒక జీవి ఈ వలయమును మరియొక జీవినుండి అందుకొనును. ఇచ్చిన ఇంటిలోను నిప్పు ఆరదు.

ఇప్పుడు మన ఇంటి మాటకు వత్తము. జలుబు, మామూలు దగ్గు చాలవరకు వైరసులవలన వచ్చునవి. వానిపై ఆంటీబయాటిక్ మందు పనిచేయదు. అయినను మనము మింగుదుము. ఆ మాత్ర జలుబును తాకక, పేగులలోని మేలిజీవులను మాత్రము చంపును. తట్టుకొన్నవి మిగిలి, ఖాళీయైన చోటునెల్ల ఆక్రమించును. తరువాత మూత్రాశయమునకు చేరునవి ఆ మిగిలినవే. ఒకసారి ఆంటీబయాటిక్ వాడినవారిలో ఇట్టి మొండిజీవులు కనబడు అవకాశము మొదటి నెలలో అధికమనియు, ఒక సంవత్సరము వరకును ఉండవచ్చుననియు పరిశీలకులు తేల్చిరి. నిన్న జలుబునకు వ్యర్థపుచ్చిన మందే నేడు మంటకు పనికిరాకుండ పోవుచున్నది. మాత్రతో కుదురవలసిన వ్యాధికి ఆసుపత్రిలో సూదిమందు కావలసివచ్చుచున్నది. 2008లో స్వీడనులో ఒక రోగి మూత్రమున దొరికిన క్లెబ్సియెల్లా అను జీవి, అత్యవసరమునకు దాచుకొనిన కార్బపెనెమ్ మందులను సైతము విరుగగొట్టినది. ఆ రోగి అంతకుముందు ఢిల్లీలో చికిత్స పొందియుండెను. 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మరణములకు మందులకు లొంగని బాక్టీరియాలే ప్రత్యక్షకారణమని అంచనా వేసిరి.

మరి గృహస్థులు చేయదగినదేమి? మిగిలిన మాత్రలను దాచరాదు, ఇతరులకు ఈయరాదు. అట్టపై ఎఱ్ఱని గీత ఉన్న మందును వైద్యుని చీటి లేక కొనరాదు. 2014 మార్చినుండి అమలులోనున్న హెచ్-1 నిబంధన ప్రకారము కొన్ని ఆంటీబయాటిక్ మందులు అమ్మునప్పుడు రోగి పేరు, వైద్యుని పేరు దుకాణదారు పుస్తకమున వ్రాసికొనవలెను. వైద్యుడు మూత్రమును కల్చరు పరీక్షకు పంపుమన్నచో మొదటి మాత్రకు ముందే పట్టి ఈయవలెను. రెండు మూడు దినములలో ఏ మందు పనిచేయునో, ఏది చేయదో అందు తెలియును. వైద్యుడు చెప్పినన్ని దినములు మందు వాడవలెను. తగ్గినదని మధ్యలో మానరాదు, మంచిదని పొడిగింపరాదు. బాధయేమియు లేక పరీక్షలో మాత్రము సూక్ష్మజీవులు కనబడినచో సాధారణముగా మందే అక్కరలేదు. గర్భిణుల విషయము వేరు, వారికి చికిత్స తప్పనిసరి.

నైట్రోఫ్యూరాంటోయిన్ 1953నుండి వాడుకలోనున్న మందు. ఫాస్ఫోమైసిన్ 1969లో వెలుగులోనికి వచ్చినది. ఈ పాతమందులు నేటికిని పెక్కుమంది మూత్రాశయ వ్యాధిని కుదుర్చుచున్నవి. వానిని కాపాడుకొనుట పరిశోధనశాలలకు మాత్రమే విడిచిన పని కాదు. దాహమునకు తగినంత నీరు త్రాగుట, మూత్రమును బిగబట్టకుండుట మనచేతిలోని పనులు. మరుగుదొడ్డి లేదని బడిలో నీరు త్రాగుట మానుకొను ఆడపిల్లలు నేటికిని కలరు. ఆ లోటును తీర్చుట పెద్దల పని. ఆడపిల్ల మంట అని చెప్పినప్పుడు సిగ్గుపడనీయక వైద్యునివద్దకు తీసికొనిపోవుటయు మన పనియే. అలమారలోని పాత మాత్ర ఆమెకు మందు కాదు.