శనివారం ఇంటికొచ్చే టీచరు



మన కోనసీమలో ఏ మండలానికి వెళ్లినా భవిత కేంద్రం అని ఒక బోర్డు కనిపిస్తుంది. మామూలుగా అది ఏదో సర్కారు బడి ఆవరణలోనే ఉంటుంది, ఒకటి రెండు గదులు. ఆ దారిన రోజూ పోయేవాళ్లకు కూడా లోపల ఏం జరుగుతుందో తెలియదు. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటివి ఉన్న పిల్లలకు ప్రత్యేక విద్య చదివిన టీచర్లు అక్కడ పాఠం చెబుతారు. వారానికో రోజు ఫిజియోథెరపిస్టు వస్తారు. కేంద్రం దాకా రాలేని పిల్లల కోసం శనివారం టీచరే వాళ్లింటికి వెళతారు. ఈ పూట మీకు పరిచయం చేయాలనుకున్నది ఆ శనివారం పాఠాన్నే.

ముందు ఈ పిల్లల గురించి రెండు మాటలు. నెలలు గడిచినా మెడ నిలవదు, రెండేళ్లొచ్చినా మాట రాదు. పుట్టగానే ఏడవకపోవడం, పసిగుడ్డుకు కామెర్లు ముదరడం, మెదడువాపు జ్వరం, పుట్టుకతో థైరాయిడ్ లోపం, ఇలా కారణాలు ఎన్నో. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 21వ క్రోమోజోములు రెండుకు బదులు మూడుంటాయి. ఆ సంగతి 1959లో ఫ్రాన్స్‌లో బయటపడింది. మేనరికాల వల్ల కొన్ని జన్యు లోపాలు వచ్చే అవకాశం పెరుగుతుంది, మన వైపు అది గుర్తుపెట్టుకోవలసిన విషయమే. గ్రహణం నాడు తల్లి బయట తిరిగిందనో, పూర్వజన్మ పాపమనో అనే మాటలకు మాత్రం ఏ ఆధారమూ లేదు. బిడ్డను మోస్తున్న తల్లి మీద ఆ మాట కూడా మోపడం అన్యాయం, చాలా అన్యాయం. మేధో వైకల్యం మందుతో తగ్గే జబ్బు కాదు. తాయెత్తుల వెంట, ఆసుపత్రుల వెంట తిరుగుతూ ఉండగానే నేర్చుకోవడానికి బాగా పనికొచ్చే మొదటి ఆరేళ్లు గడిచిపోతాయి. అందుకే అనుమానం వచ్చిన రోజే భవిత గడప తొక్కమంటాను.

ఇక పాఠం. టీషర్టు తొడుక్కోవడమే తీసుకోండి. మనకది ఒక్క పని. టీచరు దాన్ని ముక్కలు చేస్తారు. ముందేదో వెనకేదో చూసుకోవడం, తల దూర్చడం, ఒక చెయ్యి, రెండో చెయ్యి, పొట్ట మీదికి లాక్కోవడం. నేర్పేది చివరి ముక్క నుంచి. తలా చేతులూ అమ్మే తొడిగి, చొక్కాను ఛాతీ దగ్గర ఆపేస్తుంది. కిందికి లాక్కోవడం ఒక్కటే పిల్లవాడి వంతు. లాగాడా, చొక్కా వేసుకున్నట్టే! "భలే వేసుకున్నావురా నాన్నా" అని అప్పుడే అనాలి. అది కుదిరాక రెండో చెయ్యి కూడా వాడికే వదిలేస్తుంది. మొదటి నుంచి నేర్పితే వాడు కష్టపడి తల దూరుస్తాడు, మిగతాది ఎవరో పూర్తి చేసేస్తారు. పని అయిందన్న సంతోషం వాడి వంతుకు రాదు.

సాయం చేయడంలోనూ ఒక క్రమముంది. మొదట చెయ్యి మీద చెయ్యి వేసి చేయిస్తారు. తర్వాత మణికట్టు పట్టుకుంటారు, ఆ తర్వాత మోచేతి దగ్గర చిన్నగా తడతారు. ఇంకొన్నాళ్లకు నోటిమాట చాలు. చివరికి ఎదురుగా నిలబడితే చాలు. ఇంట్లోవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది ఈ చెయ్యి వెనక్కి తీసుకోవడమే. బడికి ఆలస్యమవుతోందని, అన్నం ఒలకబోస్తాడని అన్నీ మనమే చేసేస్తాం. ఆ ప్రేమను తప్పుపట్టలేను. కానీ పదేళ్లు అలా చేస్తే, ముద్ద కలుపుకోగలిగిన పిల్లవాడు కూడా నోరు తెరిచి కూర్చోవడమే నేర్చుకుంటాడు.

ఈ విద్యకు తెలుగునేల మీద పాత వేళ్లే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లోనే మొదలైంది. సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ దేశమంతటికీ ప్రత్యేక ఉపాధ్యాయులను తయారుచేసింది. మనకు దగ్గర్లో, కాకినాడలో, ఉమా మనోవికాస కేంద్రం ఉంది. ఇంటికి వెళ్లి తల్లికి నేర్పే పద్ధతి మాత్రం 1969లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని పోర్టేజ్ అనే ఊళ్లో పుట్టి పేరు తెచ్చుకుంది. అక్కడ పల్లెలు దూరదూరంగా విసిరేసినట్టుంటాయి, పిల్లలందరినీ ఒకచోటికి తేవడం కుదరలేదు. టీచరే వారానికోసారి వెళ్లి, ఆ వారం చేయించవలసిన పని తల్లిదండ్రులకు చూపించి వచ్చేవారు. మన లంకలకు ఇంతకంటే తగిన పద్ధతి ఏముంటుంది! పి.గన్నవరం మండలంలో ఊడిమూడిలంక, బూరుగులంక లాంటివి ఏటా గోదారి పొంగితే పడవే దిక్కుగా బతికిన ఊళ్లు. నడవలేని బిడ్డను చంకనెత్తుకుని అక్కణ్నుంచి రోజూ కేంద్రానికి రమ్మనడం ఎవరికీ న్యాయం కాదు. ఒక్క మనవి, టీచరు వచ్చినప్పుడు అమ్మతోపాటు నాన్న కూడా కూర్చోవాలి. తాతయ్య, నాయనమ్మ కూర్చుంటే మరీ మంచిది. ఇంట్లో ఒకరు చేయించే పనిని ఇంకొకరు చేసిపెడితే నేర్చుకున్నదంతా నీళ్లపాలవుతుంది.

భవితలో పాఠం పద్దెనిమిదేళ్లతో ఆగిపోతుంది. ఆ తర్వాతే అసలు చిక్కు. కానీ మన చుట్టూ పని లేకేం? కొబ్బరాకు నుంచి ఈనె తీసి చీపురు కట్టడం చూడండి. ఆకు చీల్చాలి, చాకుతో గీసి ఈనె తీయాలి, ఆరబెట్టాలి, మొదళ్లు సమం చేసి కట్ట కట్టాలి. చాకు పట్టలేనివాడు మొదళ్లు సమం చేయగలడు. అదీ వాడి పనే, దానికీ కూలి కట్టి వాడి చేతికే ఇవ్వాలి. సికింద్రాబాద్‌లో 1991లో మొదలైన స్వయంకృషిలో మేధో వైకల్యం ఉన్న ఆడవాళ్లు కలిసి కాపురముంటూ వంటావార్పూ తామే చూసుకుంటారు. అలాంటి ఇల్లు అమలాపురంలోనో కొత్తపేటలోనో ఒకటి రావాలని నా కోరిక.

కాగితాల సంగతి క్లుప్తంగా. సచివాలయంలో స్లాటు తీసుకుని, వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపుకు వెళితే సర్టిఫికెట్ ఇస్తారు. వైకల్యం నలభై శాతం, ఆపైన ఉంటే పింఛను, 2024 జూలై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. పిల్లలకు ఎక్కువగా తాత్కాలిక సర్టిఫికెట్లే ఇస్తారు, గడువు చూసుకోండి.

ఇక ప్రతి తల్లినీ నిద్రపోనివ్వని ప్రశ్న, "మేం పోయాక వీడికెవరు?" బిడ్డకు పద్దెనిమిది నిండితే చట్టం దృష్టిలో పెద్దవాడే, తల్లిదండ్రుల సంరక్షక హక్కు అక్కడితో సరి. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేస్తే సంరక్షకుణ్ని నియమిస్తారు. తోటలో వాటా ఉన్న ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. నియమితుడైన వ్యక్తి ఆరు నెలల్లోగా ఆస్తి జాబితా ఇవ్వాలి, తర్వాత ఏటేటా లెక్కలు చూపాలి. అన్నయినా బాబాయయినా ఇదే నియమం.

దరఖాస్తుతోపాటు ఇంట్లో ఒక నోటుబుక్కు కూడా పెట్టండి. వాడికి ఫిట్సు మాత్ర ఏ వేళ, మంచినీళ్లు కావాలంటే ఎలా సైగ చేస్తాడు, కడుపునొప్పి వస్తే ఏం చేస్తాడు, ఉరుముకు భయపడితే దేనితో ఊరుకుంటాడు, ఏ పని తనంతట తాను చేస్తాడు, ఏ పనికి మోచెయ్యి తట్టాలి. అవి తల్లికి తప్ప ఎవరికీ తెలియవు. ఆమెకు రాయడం రాకపోతే శనివారం వచ్చే టీచరునే రాసిపెట్టమని అడగండి. రేపు వాణ్ని చూసుకోబోయే మనిషిని కూడా ఆ పూట పక్కనే కూర్చోబెట్టండి.