అక్సా అడిగిన నీటి మడుగులు
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము మనము ధ్యానించబోవు వాక్యభాగము యెహోషువ గ్రంథము 15వ అధ్యాయము, 16 నుండి 19 వచనములు. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి ఉంచుకొనండి.

వాక్యములోనికి వెళ్ళకముందు ఒక ఉత్తరము సంగతి చెప్పాలి. ప్రొద్దుటూరు దగ్గర పల్లె నుండి ఒక తండ్రి వ్రాశారు. ఆయన కుమార్తె నర్సు. సంబంధము కుదిరింది, ప్రధానము అయింది, సంఘములో మొదటి ఆదివారపు ప్రకటన కూడా చదివారు. ఆ అమ్మాయి పేరున మూడెకరాల చేను ఉంది. అందులో బోరు ఆమె జీతముతోనే వేయించారు. ఇప్పుడు అబ్బాయి తరపువారు, "పెండ్లయ్యాక ఆ చేను మావాని పేరుకు మార్చండి, ఎటూ ఒకే ఇల్లు కదా" అంటున్నారు. అమ్మాయి ఏమో, "చేను నాదేనని పెండ్లికి ముందే కాగితము వ్రాసుకుందాము" అంటోంది. ఆ తండ్రి నన్ను అడిగిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, పెండ్లికి ముందే కాగితాలు వ్రాసుకోవడము అవిశ్వాసము కాదా? విడిపోవడానికి ఇప్పుడే దారి వేసుకున్నట్లు కాదా?"

ప్రియులారా, కాలేబు కుమార్తె అక్సాను చూడండి. కిర్యత్సేఫెరును పట్టుకొన్న ఒత్నీయేలుకు తండ్రి ఆమెను ఇచ్చాడు. భర్త యొద్దకు వచ్చే వేళ ఆమె గాడిద దిగి తండ్రి ముందర నిలిచింది. దక్షిణ దేశములో భూమి ఇచ్చావు, నీటి మడుగులు కూడా ఇమ్మని అడిగింది. దక్షిణ దేశము అంటే వానలు లేని నేల. దాని సంగతి కర్నూలు, కడప జిల్లాలవారికి నేను వివరించనక్కరలేదు. ఆరు వందల అడుగులు దింపినా దుమ్ము తప్ప మరేమీ రాని బోర్లు చూచినవారము మనము. కె.సి. కాలువ క్రింద ఎకరా, పత్తికొండ వైపు మెట్ట ఎకరా ఒకటేనని ఎవరైనా అంటారా? నీళ్ళు లేని భూమి ఇచ్చి, బిడ్డకు ఆస్తి ఇచ్చామనుకోవడము ఏమి న్యాయము?

కాలేబు కోపపడలేదు. "నా మీద నమ్మకము లేదా?" అనలేదు. మెరకన ఉన్న మడుగులు, పల్లమున ఉన్న మడుగులు రెండూ ఇచ్చాడు. పరిశుద్ధాత్మ దేవుడు ఈ చిన్న సంగతిని న్యాయాధిపతులు 1వ అధ్యాయములో మరల వ్రాయించాడు. ఆడబిడ్డ తన హక్కును నోరు తెరచి అడగడము దేవుని గ్రంథములో తప్పుగా లేదు.

మరి నోటిమాట మీదనే నడిచిన పెండ్లి చూస్తారా? ఆదికాండము 29 చదవండి. యాకోబు ఏడు సంవత్సరములు కొలువు చేశాడు, లాబాను మాట మార్చాడు, మరి ఏడు సంవత్సరములు చేయవలసి వచ్చింది. 31వ అధ్యాయములో లేయా, రాహేలు ఇద్దరూ ఒకే ఫిర్యాదు చేస్తారు: తండ్రి తమను అమ్ముకొని, తమకు రావలసినది తానే తినివేశాడని. చూశారా, మోసపోయినవాడు యాకోబు ఒక్కడే కాదు.

కాగితము అవిశ్వాసమా అన్న ప్రశ్నకు యిర్మీయా 32వ అధ్యాయము జవాబు. శత్రువుల దండు యెరూషలేమును చుట్టుకొని ఉంది, ప్రవక్త చెరసాల ఆవరణములో ఉన్నాడు. అప్పుడు ఆయన అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొని, పత్రము వ్రాసి, సాక్షులను పెట్టి, ముద్ర వేయించి, మట్టికుండలో దాచిపెట్టించాడు. నమ్మకము లేక వ్రాయించాడా? ఆ దేశములో పొలములు మరల కొనబడునని దేవుడు చెప్పిన మాట నమ్మాడు గనుకనే వ్రాయించాడు.

ఇక చట్టము సంగతి. 1925 నాటి భారత వారసత్వ చట్టము 20వ సెక్షను ప్రకారము, క్రైస్తవ వివాహములో ఒకరి ఆస్తి మీద మరొకరికి పెండ్లి మూలముగా హక్కు రాదు. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టము ప్రకారము, ఉద్యోగము చేసి ఆమె సంపాదించిన జీతము ఆమెదే. కాబట్టి ఆ అమ్మాయి కొత్త హక్కు ఏదీ అడగడము లేదు. ఉన్న హక్కును వదులుకోనంటోంది, అంతే. ఇక చేను మా పేరుకు మార్చితేనే పెండ్లి అంటే, అది కట్నము అడగడమే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ప్రకారము అడగడము కూడా నేరము, అటువంటి ఒప్పందము చెల్లదు. పేరు మార్చి "పసుపు కుంకుమ" అన్నా అంతే. (బొట్టు పెట్టుకోని మన ఇండ్లలో కూడా ఆ మాట ఎలా వచ్చిందో!)

అయితే ఒక హెచ్చరిక. "విడిపోతే నీకింత, నాకింత" అని వ్రాసుకొనే కాగితము వేరు. గోవాలో పెండ్లికి ముందు ఆస్తి ఒప్పందములు చేసుకొనే పద్ధతి పాత పోర్చుగీసు చట్టము నుండి వచ్చింది. మన దగ్గర అటువంటి షరతులను కోర్టు తప్పక అమలు చేస్తుందని చెప్పలేము. 1869 నాటి విడాకుల చట్టము 40వ సెక్షను క్రింద జిల్లా కోర్టు పెండ్లికి ముందు చేసిన ఆస్తి ఏర్పాట్లను విచారించవచ్చు. బలిపీఠము ముందర "మరణము మనలను ఎడబాపు వరకు" అని పలుకబోయేవారికి ఆ కాగితము నేను చెప్పను.

కాబట్టి సహోదరుడా, మీ బిడ్డ చేను పత్రము, పాసు పుస్తకము ఆమె పేరునే ఉండనివ్వండి. పెండ్లిలో ఇచ్చే బంగారము, సామాను జాబితా వ్రాసి వధూవరులిద్దరూ సంతకము చేయాలని 1985 నాటి నియమములు చెబుతున్నాయి. అది చేయండి. చేను గురించి ఇరువైపుల పెద్దలు కూర్చొని ఒక కాగితము వ్రాసుకొంటే మంచిదే, కాని వకీలుకు చూపించి వ్రాయండి. రెండవ ప్రకటన చదివేలోగా కూర్చోండి.

నేనూ ఒక సంగతి ఒప్పుకోవాలి. ప్రకటనలు చదివేటప్పుడు "ఏదైనా ఆటంకము ఉంటే తెలియజేయండి" అంటాము. ఇన్ని సంవత్సరములలో కట్నము ఆటంకమని ఒక్కరూ లేచి చెప్పలేదు. నేనూ అడగలేదు. ఈ ఉత్తరము చదివిన తరువాత, పెండ్లి పేరు ఇవ్వడానికి వచ్చిన రెండు కుటుంబములను విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతున్నాను.

పెండ్లికుమారుడా, నీవు ఈ ప్రసంగము వింటుంటే, నీ తల్లిదండ్రుల ముందర ఆ మాట చెప్పవలసినది నీవే. ఒత్నీయేలు కోట పట్టాడు. నీకున్న పని అంతకన్నా చిన్నది.

తలలు వంచండి, ప్రార్థన చేసుకుందాము. కృపగల తండ్రీ, ఈ ఆదివారము రెండవ ప్రకటన వినబోవుచున్న ఆ బిడ్డకు ధైర్యము దయచేయుము. ఆ అబ్బాయికి నోరు ఇమ్ము. ఆ మూడెకరాలలో నీళ్ళు ఎండిపోకుండ కాపాడుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.