చలిసీమకు పోవు లారీ

మన యింట పండ్లపళ్లెములో నున్న కాశ్మీరు సేపుపండు హైదరాబాదు బజారునకు వచ్చుటకు లారీపై రెండువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయవలెను. పండును చూచినపుడు దాని రంగును రుచిని తలంతుముగాని, దానిని మోసిన బండిని, బండిని నడపిన మనిషిని తలంచుట అరుదు. చలికాలమున ఆ త్రోవను పోవలసిన లారీని, ముఖ్యముగా దాని డ్రైవరును, ముందుగా ఎట్లు సిద్ధము చేయవలెనో నేడు ముచ్చటింపదలచితిమి.

కోస్తా జిల్లాలలో పుట్టి పెరిగినవానికి చలి యనగా ధనుర్మాసపు తెల్లవారుజామున కప్పుకొను దుప్పటి. విశాఖ మన్యములోని లంబసింగియందు ఉష్ణోగ్రత సున్న దరిదాపులకు దిగినచో మనమది వింతగా చెప్పుకొందుము. కాని జమ్మునుండి బనిహాలు మీదుగా శ్రీనగరమునకు, అచ్చటినుండి సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్న జోజిలా కనుమ దాటి లడఖునకు పోవు త్రోవ వేరు. ద్రాసులో శీతకాలపు రాత్రులందు ఉష్ణోగ్రత సున్నకు 20 డిగ్రీల దిగువకును పోవుచుండును. అచ్చటి చలి మనిషిని వణకించుటతో ఆగదు; ఇనుమును పగులగొట్టును.

ఎట్లన, నీరు గడ్డకట్టునపుడు నూటికి సుమారు 9 వంతులు వ్యాకోచించును. రేడియేటరులో వట్టి నీరు పోసికొని పోయిన లారీ ఒక రాత్రి ఆరుబయట నిలిచినచో, ఆ మంచు ఇంజను దిమ్మనే చీల్చవచ్చును. కనుక నీటితో సమపాళ్లలో ఇథిలిన్ గ్లైకాల్ కూలెంటు కలుపవలెను. అట్టి మిశ్రమము సున్నకు 30 డిగ్రీల దిగువన సైతము గడ్డకట్టదు. అది తియ్యగా నుండు విషము; పిల్లలకును పశువులకును అందకుండ నుంచవలెను.

బ్యాటరీ సంగతియు నట్టిదే. చలిలో దాని శక్తి తగ్గును. అదే సమయమున నూనె చిక్కబడి ఇంజను తిరుగుట కష్టమగును. నిండుగా చార్జియైన బ్యాటరీ గట్టి చలిని సైతము ఓర్చుకొనును. నీరసించిన బ్యాటరీ సున్నకు పది డిగ్రీల దిగువననే గడ్డకట్టి పగులవచ్చును. కావున పాత బ్యాటరీతో కొండ నెక్కరాదు.

డీజిలులో మైనము కలదు. మైదానములో కంటికి కనబడని ఆ మైనము చలిలో పలుకులై ఫిల్టరును మూసివేయును. లడఖు వంటి ప్రదేశములకై సున్నకు 33 డిగ్రీల దిగువవరకు ప్రవహించు ప్రత్యేకపు డీజిలు 2019లో ప్రవేశపెట్టబడినది. అందువలన దిగువన ట్యాంకు నిండ పోయించుకొనక, కొండచేరువకు కొద్దిపాటి నూనెతో చేరి, అచ్చటి శీతకాలపు డీజిలును నింపుకొనుట తెలివి. కొందరు కిరసనాయిలు కలిపెదరు. డీజిలు పంపునకు డీజిలే కందెన. కిరసనాయిలు వలన ఆ పంపు అరిగిపోవును.

గాలిబ్రేకుల లారీలో మరియొక చిక్కు కలదు. గాలితోపాటు తేమయు ట్యాంకులో చేరి నీరగును. ఆ నీరు గొట్టములలో గడ్డకట్టినచో బ్రేకులు పనిచేయవు. ప్రతిదినము ప్రయాణము ముగియగనే ట్యాంకు అడుగునున్న మర విప్పి నీరు వదలవలెను. చక్రములకు గొలుసులు వెంట నుండుటయే చాలదు. వానిని తగిలించుట ముందే నేర్చియుండవలెను. మంచుపై గొలుసులు నేర్చుకొనుటకు చేతివ్రేళ్లు సహకరింపవు.

బండికి ఇన్ని జాగ్రత్తలు చేయు యజమానులను మేమెరుగుదుము. ఒక వృద్ధ డ్రైవరు మాతో నిట్లనెను: “బండికి ఏమి కావలెనో అందరును అడుగుదురు బాబూ, నాకేమి కావలెనో అడుగువారు లేరు.” ఆ మాట మా మనస్సులో నిలిచిపోయినది. ఏలయన, చలివలన కలుగు కీడుకంటె, సరియైన ఏర్పాటు లేనివాడు చలికి తానై పన్నుకొను ఉపాయమువలన కలుగు కీడు ఘోరమైనది.

డీజిలు గడ్డకట్టెనని ట్యాంకు క్రింద మంట పెట్టుట అట్టి ఉపాయమే. దానికంటె మోసకరమైనది మూసిన కేబినులో బొగ్గుల కుంపటి. నిప్పుకణికలనుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో అంటుకొనును. మొదట తలనొప్పి, వికారము, పిమ్మట మగత. డ్రైవరును క్లీనరును వెచ్చగా నిద్రపోవుచున్నామనుకొందురు. ఆ నిద్రనుండి లేవరు. మంట లేదుగదా, పొగ రాదుగదా యని నమ్మరాదు. ఇంజను నడుపుచు నిద్రించుటయు ప్రమాదమే. మంచు పొగగొట్టమును కప్పినచో అదే విషము లోనికి వచ్చును.

మరి వెచ్చదన మెట్లు? ఒక దళసరి కోటుకంటె పలుచని ఉన్నిబట్టలు మూడు పొరలుగా ధరించుట మేలు. పొరల నడుమ గాలియే చలిని ఆపును. మేజోళ్లు తడిసిన వెంటనే మార్చవలెను. సారాయి వేడి పుట్టించునను మాట భ్రమ. అది చర్మమునకు రక్తమును రప్పించి ఒంటిలోని వేడిని బయటికి పంపును. వ్రేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడినచో రుద్దరాదు, నిప్పుపై కాచరాదు; గోరువెచ్చని నీటిలో నుంచి వైద్యునికి చూపవలెను. ఎత్తున తలనొప్పియు ఆయాసమును కలిగినచో పైకి పోక విశ్రమించవలెను, తగ్గనిచో దిగిరావలెను.

ఈ జాగ్రత్తలన్నియు తీరిక కోరునవి. కిరాయి ఆలస్యమగునని యజమాని తొందరపెట్టినచో, మంచు కురిసి త్రోవ మూసినపుడు ఆగవలసినవాడు ఆగడు. కనుక సరకు ఎక్కించు దినముననే రెండు మూడు దినముల గడువు అదనముగా నీయవలెను; మంచి కంబళులు, ఉన్నిబట్టలు బండి ఖర్చులోనే వ్రాయవలెను. డ్రైవరు ఇంటివారును పచ్చడిజాడీ సర్దునపుడు రెండు జతల ఉన్నిమేజోళ్లు ఎక్కువ పెట్టి, కేబినులో కుంపటి వలదని ఒక్కమాట చెప్పి పంపవలెను. ఇంటివారి మాట త్రోవ పొడుగునను జ్ఞాపకముండును.