కౌంటరు ముందు రెండు నిమిషాలు: పౌరహక్కుల మ్యూజియాలు, సందర్శకుల అనుభవం



అట్లాంటా నగరంలో 2014లో తెరిచిన పౌర, మానవ హక్కుల కేంద్రంలో ఒక భోజనశాల కౌంటరు ఉంది. తెల్లవారికే పరిమితమైన కౌంటర్ల ముందు నల్లజాతి విద్యార్థులు కూర్చుని నిరసన తెలిపిన 1960 నాటి కౌంటరుకు నమూనా అది. సందర్శకుడు స్టూలు మీద కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, రెండు అరచేతులూ కౌంటరు మీద ఆనించి కళ్ళు మూసుకోవాలి. కాసేపటికి చెవిలో తిట్లు మొదలవుతాయి. ఎవరో మెడ వెనక నిలబడి బెదిరిస్తున్నట్టుంటుంది. ఎవరో కాలితో తన్నినట్టు స్టూలు అదురుతుంది. ఇదంతా ఒకటి రెండు నిమిషాల వ్యవహారం. అంతలోనే చేతులు వెనక్కి తీసుకునేవారున్నారు, కన్నీళ్ళతో లేచేవారున్నారు. స్టూలు దిగిన మనిషికి ఏం తెలిసింది? ఈ సాయంత్రం నేను పరిశీలించదలచింది ఆ ఒక్క ప్రశ్ననే. భయం ఎలా ఉంటుందో అతనికి కొంత తెలిసింది. మరి ఆనాడు ఆ స్టూళ్ళ మీద కూర్చున్న విద్యార్థులు ఎందుకు లేచిపోలేదో తెలిసిందా? అమెరికాలోని పౌరహక్కుల మ్యూజియాలు బాధను ఒంటికి తగిలేలా చూపించడంలో ఆరితేరాయి. కానీ హక్కు సాధించిన పని ఎలా జరిగిందో అంత బలంగానూ చూపించడం వాటి ప్రధాన బాధ్యత అని నా వాదన. ఆ పని కనిపించకపోతే ఎంత గాఢమైన అనుభవమైనా సందర్శకుణ్ణి ప్రేక్షకుడిగానే మిగులుస్తుంది.

మ్యూజియం కౌంటరులో ఇప్పుడు జరుగుతున్న అభినయం ఉద్యమకారులు తామే చేసినది. దాన్ని నేర్పిన మనిషి మన దేశంలో కొంతకాలం గడిపినవాడు కూడా. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి నిరాకరించి జైలుకెళ్ళిన జేమ్స్ లాసన్, విడుదలయ్యాక 1953లో నాగపూర్ వచ్చి హిస్లాప్ కాలేజీలో పనిచేశారు, గాంధీ సత్యాగ్రహ పద్ధతిని అధ్యయనం చేశారు. తిరిగి వెళ్ళాక నాష్‌విల్‌లో ఒక చర్చి నేలమాళిగలో విద్యార్థులకు శిక్షణ తరగతులు పెట్టారు. డయేన్ నాష్, జాన్ లూయిస్ వంటివారు అక్కడ తయారయ్యారు. కొందరు కౌంటరు ముందు కూర్చునేవారు, మరికొందరు రౌడీల వేషం కట్టి తిట్టేవారు, జుట్టు పట్టి లాగేవారు, కిందికి తోసేవారు. తరువాత వేషాలు మార్చుకునేవారు. దెబ్బ పడుతుంటే తలను ఎలా కాపాడుకోవాలి, పక్కవాణ్ణి కొడుతుంటే మధ్యలోకి ఎలా వెళ్ళాలి, తిట్టేవాడి కళ్ళలోకి ఎలా చూడాలి, ఇవన్నీ సాధన చేసేవారు. అన్నిటికన్నా ముఖ్యంగా, అభినయం ముగిశాక కూర్చుని చర్చించేవారు. నీకు కోపం ఎక్కడ వచ్చింది, ఎందుకు వచ్చింది, రేపు నిజంగా వస్తే ఏం చేస్తావు అని ఒకరినొకరు ప్రశ్నించుకునేవారు. 1960 ఫిబ్రవరి 27న నాష్‌విల్‌లో అల్లరిమూకలు మీద పడి కొట్టినప్పుడు, పోలీసులు ఒక వరుస విద్యార్థులను పట్టుకెళ్ళగానే రెండో వరుస వచ్చి అవే స్టూళ్ళ మీద కూర్చుంది. ఆ రోజు 80 మందికి పైగా అరెస్టయ్యారు. మే 10 నాటికి ఊరి నడిబొడ్డున ఉన్న దుకాణాలు కౌంటర్లు తెరవక తప్పలేదు. మధ్యలో నల్లజాతి వినియోగదారులు ఈస్టరు కొనుగోళ్ళు మానేయడం, వ్యాపారులకు నష్టం రావడం, మేయరును బహిరంగంగా నిలదీయడం అన్నీ జరిగాయి. ఆ తరగతుల్లో బాధ ఒక సాధనలో భాగం. మ్యూజియం స్టూలు మీద బాధే మొత్తం పాఠం. సందర్శకుడికి ఒకే పాత్ర ఇస్తారు, దెబ్బలు తినే పాత్ర. ఆ తరువాత చర్చ లేదు, రెండో వరుస లేదు.

మెంఫిస్‌లోని జాతీయ పౌరహక్కుల మ్యూజియంలో ఒక బస్సు ఉంది. మాంట్‌గోమరీ నగర బస్సులో తెల్లవారికి సీటు వదలనందుకు అరెస్టయిన రోజా పార్క్స్ బొమ్మ లోపల కూర్చుని ఉంటుంది. సందర్శకుడు ఎక్కి కూర్చుంటే సీటు ఖాళీ చేయమని గద్దించే డ్రైవరు గొంతు వినిపిస్తుంది. పిల్లలు దాన్ని మరచిపోరు, నిజమే. కానీ మాంట్‌గోమరీ కథలో ఆ గద్దింపు ఒక్క సాయంత్రానిది, బస్సుల బహిష్కరణ 381 రోజులది. పార్క్స్ అరెస్టయిన 1955 డిసెంబరు 1 రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు తన కాలేజీలోని సైక్లోస్టైల్ మిషను ముందు నిలబడి తెల్లవారేలోపు వేలాది కరపత్రాలు తీశారు. ఆమె నాయకత్వంలోని మహిళా సంఘం అంతకు ఏడాదిన్నర ముందే, బస్సులు మానేస్తామని మేయరుకు ఉత్తరం రాసి ఉంది. పార్క్స్ స్వయంగా ఏళ్ళ తరబడి హక్కుల సంఘానికి కార్యదర్శిగా పనిచేసినవారు. సుమారు 300 సొంత కార్లతో, ఎక్కే చోట్లు, దిగే చోట్లు నిర్ణయించి, రోజూ వేలమందిని పనులకు చేరవేశారు. ఆ ఏర్పాటును రెండేళ్ళ క్రితం బేటన్ రూజ్‌లో జరిగిన బహిష్కరణ నుంచి నేర్చుకున్నారు. కార్లకు బీమా రద్దు చేయిస్తే లండన్ నుంచి బీమా తెచ్చుకున్నారు. పెట్రోలు ఖర్చుకు జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి, తోటి స్త్రీలను కూడగట్టి కోడివేపుళ్ళు, కేకులు అమ్మి ప్రతి వారం డబ్బు తెచ్చి సభలో అప్పగించేది. వాళ్ళలో చాలామంది తెల్లవారి ఇళ్ళలో పనిచేసేవారు కనుక, ఆ డబ్బు ఎవరిదో బయటికి పొక్కకుండా తమ బృందానికి 'ఎక్కడిదీ కాని క్లబ్బు' అని పేరు పెట్టుకున్నారు. ఈ సంగతులు మ్యూజియం గోడల మీది ఫలకాల్లో ఉండవని నేననడం లేదు. సందర్శకుడి చెవికీ ఒంటికీ తగిలేలా మలిచింది డ్రైవరు గొంతును. కరపత్రాల రాత్రి, కార్ల లెక్క, గిల్మోర్ వంటగది చదువుకునేవాళ్ళకు వదిలేసినవి. ఏది అనుభవంగా ఇవ్వాలి, ఏది చదువుకోవడానికి వదలాలి అన్న ఈ ఎంపికతోనే నా పేచీ.

దీనికి మ్యూజియం నిర్వాహకుల వైపు నుంచి గట్టి సమాధానమే ఉంది. వచ్చేవారిలో బడిపిల్లలు ఎక్కువ. వేర్పాటు చట్టాలు వాళ్ళ తాతముత్తాతల కాలపు మాట. ముందు గుండె కదలకపోతే కార్ల లెక్క ఎవడు వింటాడు? ఈ వాదనలో సగం నాకు అంగీకారమే. కదలిక లేనిదే ఆసక్తి పుట్టదు. కానీ కదిలించడానికి దెబ్బను అనుకరించడం ఒక్కటే దారి అనుకోవడం పొరపాటు. 2017 డిసెంబరులో జాక్సన్‌లో తెరిచిన మిసిసిపీ పౌరహక్కుల మ్యూజియం మధ్యలో ఒక పెద్ద దీపశిల్పం ఉంది. దాని చుట్టూ మనుషులు ఎక్కువైన కొద్దీ వెలుగు పెరుగుతుంది, పాట హోరెత్తుతుంది. ఒక్కడు నిలబడితే అంత వెలగదు. అది ఏడిపించదు, కానీ ఉద్యమం ఎలా పనిచేస్తుందో మాటల్లేకుండా చెబుతుంది. మాంట్‌గోమరీలో 2018లో తెరిచిన శాంతి న్యాయ స్మారకం ఇంకా ముందుకు వెళ్ళింది. 1877 నుంచి 1950 దాకా మూకల చేతిలో హతులైన 4,400 మందికి పైగా నల్లజాతివారి స్మృతికి అక్కడ 800కు మించి ఉక్కు దిమ్మెలు నిలబెట్టారు, కౌంటీకి ఒకటి చొప్పున. మొదట ఎదురుగా కంటి ఎత్తులో ఉంటాయి. నడుస్తున్నకొద్దీ నేల కిందికి దిగుతుంది, దిమ్మెలు తల మీద వేలాడతాయి. ఇదీ గుండెను పట్టేదే. అయితే బయట ఆవరణలో ప్రతి దిమ్మెకూ జంట దిమ్మె పడుకోబెట్టి ఉంది. ఆ కౌంటీ ప్రజలు తమ ఊరి చరిత్రను ఒప్పుకుని, దాన్ని తీసుకెళ్ళి తమ నేల మీద నిలబెట్టుకోవాలన్నది ఆలోచన. హత్యలు జరిగిన చోట్ల నుంచి మామూలు జనమే మట్టి తవ్వి, చనిపోయినవారి పేర్లు రాసిన సీసాల్లో పోసి తెచ్చారు. ఆ సీసాలు స్మారకానికి అనుబంధమైన మ్యూజియంలో అరల నిండా ఉన్నాయి. ఇక్కడ సందర్శకుడి ముందు ఒక పని ఉంది. తన ఊరి దిమ్మె ఇంకా ఆ ఆవరణలోనే ఎందుకు పడి ఉందని అతను అడగవలసి వస్తుంది.

ఉద్యమ నిర్వహణ మీద చూపు పెడితే క్రూరత్వం పలచబడుతుందని మరో అభ్యంతరం. నాకు దీనికి విరుద్ధంగా కనిపిస్తుంది. హింస ఎంతటిదో తెలియకపోతే చర్చి నేలమాళిగలో అంత సాధన ఎందుకో అర్థం కాదు. బీమా రద్దు కథ చెబితే అన్యాయం ఒక మూర్ఖుడైన డ్రైవరు కోపంలోనే లేదని, బీమా కంపెనీలో, కోర్టు ఉత్తర్వులో, యజమాని ఉద్యోగంలోంచి తీసేసే అధికారంలో ఉందని తెలుస్తుంది. డ్రైవరు గొంతు మాత్రమే విన్న సందర్శకుడు, తాను అలాంటివాణ్ణి కానని తృప్తిపడి బయటికి రావచ్చు. ఆ తృప్తి చాలా సులువుగా దొరుకుతుంది.

వీటన్నిటికన్నా బలమైన అభ్యంతరం మెంఫిస్ మ్యూజియం లోపల పుట్టలేదు, ఎదురుగా ఉన్న కాలిబాట మీద పుట్టింది. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం మార్టిన్ లూథర్ కింగ్ హతులైనది మెంఫిస్‌లోని లొరైన్ మోటెల్ బాల్కనీలో, 306 నంబరు గది బయట. మోటెల్ యజమాని వాల్టర్ బెయిలీ భార్య లోరీ ఆ రోజే పక్షవాతం వచ్చి పడిపోయి, కింగ్ అంత్యక్రియల నాడు కన్నుమూసింది. ఆ గదిని బెయిలీ మళ్ళీ అద్దెకివ్వలేదు. అప్పుల్లో పడ్డ మోటెల్‌ను 1982లో స్థానికుల సంఘం ఒకటి వేలంలో కొని, చివరికి 1991లో మ్యూజియంగా తెరిచింది. అందుకోసం 1988లో ఖాళీ చేయించిన ఆఖరి నివాసి జాక్వెలిన్ స్మిత్. ఆమె దశాబ్దాల పాటు ఎదుటి కాలిబాట మీద కూర్చుని నిరసన తెలిపింది. పేదల కోసం ప్రాణమిచ్చిన మనిషి పేరుతో పేదలను ఖాళీ చేయించడమేమిటి, ఈ డబ్బుతో ఇళ్ళు కట్టవచ్చు కదా, ఒక హత్యను చూడవలసిన వింతగా మార్చడమేమిటి అన్నవి ఆమె ప్రశ్నలు. 2002లో మ్యూజియం వీధి అవతలికి విస్తరించి, తుపాకి పేలిన లాడ్జినీ హంతకుడి ఆధారాలనూ ప్రదర్శనలో చేర్చాక మూడో ప్రశ్నకు పదును పెరిగింది. మ్యూజియం ఉండకూడదన్న ఆమె నిర్ణయంతో నేను ఏకీభవించను. ఆ గోడలు లేకపోతే ఇవాళ్టి పిల్లలకు ఆ బాల్కనీ ఉట్టి ఇనుప కడ్డీలే. కానీ ఆమె అడిగినదాన్ని పక్కకు తోసేయడం అన్యాయం. కింగ్ వదిలి వెళ్ళిన పని ఇంకా మిగిలే ఉందన్నది ఆమె మాట. సందర్శకుణ్ణి 306 గది అద్దం ముందు నిలబెట్టి కన్నీళ్ళతో పంపే మ్యూజియం దానికి జవాబు చెప్పినట్టు కాదు.

తెలుగువారికి ఈ చరిత్ర దూరపు బంధువు కాదని కూడా చెప్పాలి. జాతీయ కోటాలను ఎత్తివేసి ఆసియావారికి అమెరికా తలుపులు తెరిచిన 1965 వలస చట్టం, అదే ఏడాది వచ్చిన ఓటుహక్కు చట్టం, అంతకు ముందటి ఏడాది వచ్చిన పౌరహక్కుల చట్టం ఒకే ఊపులో వచ్చినవి. ఇవాళ అట్లాంటాలో, డాలస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ మ్యూజియాల్లో పరాయివాళ్ళ కష్టాన్ని చూసివచ్చే అతిథులు కారు, ఆ పోరాటపు ఫలం అందుకున్నవారు. అందుకే గిల్మోర్ వంటగది ఖర్చుల లెక్క వాళ్ళ పిల్లలకు తెలియాలి.

మళ్ళీ మెంఫిస్‌కు వస్తే, కింగ్ అక్కడికి వచ్చింది పారిశుద్ధ్య కార్మికుల సమ్మె కోసం. 1968 ఫిబ్రవరి 1న వానలో తలదాచుకోవడానికి చెత్త లారీలోకి ఎక్కిన ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్‌లను లారీలోని నొక్కుడు యంత్రం నలిపి చంపింది. పదకొండు రోజుల తరువాత సుమారు 1,300 మంది కార్మికులు సమ్మెకు దిగారు. 'నేను మనిషిని' అన్న అట్టలు ఆ సమ్మెలో పట్టినవే. కింగ్‌ను పిలిపించింది నాష్‌విల్ తరగతులు నడిపిన జేమ్స్ లాసనే, అప్పటికి ఆయన మెంఫిస్‌లో పాస్టరు. కింగ్ మరణించిన పన్నెండు రోజులకు, ఏప్రిల్ 16న, నగరం యూనియన్‌ను గుర్తించింది, కూలి పెంచడానికి ఒప్పుకుంది. 306 గది ముందు నిలబడిన ప్రతివాడికీ ఏప్రిల్ 4తో సమానంగా ఏప్రిల్ 16 తెలియాలి. ఆ తరువాతిదీ తెలియాలి. ఆనాటి ఒప్పందాల్లో కార్మికులు నగర పెన్షన్ పథకానికి బదులు కేంద్ర ప్రభుత్వ వృద్ధాప్య పింఛను అయిన సోషల్ సెక్యూరిటీని ఎంచుకున్నారు. అది చాలక, సమ్మె చేసినవారిలో కొందరు ఎనభై ఏళ్ళ వయసులోనూ చెత్త లారీల మీద పనిచేశారు. 2017లో నగరం, బతికి ఉన్న కొద్దిమంది సమ్మె కార్మికులకు తలా 50,000 డాలర్లు ప్రకటించి, తరువాత ఆ మొత్తాన్ని పెంచింది. సమ్మె ముగిసిన నలభై తొమ్మిదేళ్ళకు ఆ డబ్బు చెల్లించవలసి రావడానికి కారణమేమిటో మ్యూజియం సందర్శకుడి చేత లెక్క కట్టించాలి.