చెఱువంచు పచ్చిక - పశువుల కడుపులోని జలగలు



మూడేండ్ల క్రిందట మా యింట నొక పెయ్యదూడ చనిపోయినది. వానలు వెనుకబట్టి చెఱువు నీరు తగ్గగా, అంచున మొలచిన పచ్చికలో దానిని మేపితిమి. కొన్ని వారములకు అది కంపుగొట్టుచు నీళ్ళవలె పాఱుకొనెను. దవడక్రింద నీరు దిగెను. దిష్టి యని ఇంటివారు ఉప్పు దిగదుడిచిరి. నేను నట్టలని తలచి, ఇంట మిగిలియున్న ఏలికపాముల మందు త్రాగించితిని. గుణము కలుగలేదు. వైద్యుని పిలుచునంతలో అది ప్రాణము విడిచెను.

పశువైద్యుడు కళేబరమును కోసి చూపగా, చిన్నప్రేవు మొదట సన్నని పిల్లజలగలు గుంపులుగా నంటియుండెను. నేనిచ్చిన మందు గుండ్రని పురుగులకే గాని జలగలకు పనిచేయదని ఆయన చెప్పెను. ఆనాటి నా పొరపాటు మీకు కలుగకూడదనియే ఈ ప్రసంగము.

నట్టలు మూడు తెగలు: ఏలికపాముల వంటి గుండ్రని పురుగులు, బద్దెపురుగులు, జలగలు. జలగగ్రుడ్లు పేడతో వెలువడి నీటిలో పొదుగును. పిల్ల నత్తలో జొచ్చి పెరిగి, బయటికి వచ్చి గడ్డి నంటుకొనును. ఆ గడ్డి మేసిన పశువు చిన్నప్రేవున గొంతకాలముండి, పిదప పెద్దపొట్టకు జేరి యచట గ్రుడ్లు పెట్టును. పిల్లజలగలు ప్రేవును పాడుచేయు దినములలో పేడపరీక్షయందు గ్రుడ్లు కనపడకపోవచ్చును. కావున దూడ యెక్కడ మేసినదో వైద్యునికి మనమే చెప్పవలెను.

గుండ్రని పురుగులలో పెక్కింటికి నత్త అక్కఱలేదు. వాని పిల్లలు పేడనుండి వెడలి, తడి యాధారముగా గడ్డి నెక్కును. మంచుతడి యాఱిన పిమ్మట మేపుట మేలు.

గుండ్రని పురుగులకు ఫెన్‌బెండజోలు, పొట్టజలగలకు ఆక్సిక్లోజనైడు వాడుదురు. ఏది యెంత యీయవలెనో వైద్యుడే పశువు బరువును బట్టి నిర్ణయింపవలెను. కొలత తగ్గినచో మొండి పురుగులు మిగిలి, వాని సంతతియే పెరుగును. 1961లో వచ్చిన థయాబెండజోలు మందునకు లొంగని గొఱ్ఱెనట్టలు 1964 నాటికే బయటపడినవి.

మందు కడుపును శుభ్రపఱచును గాని చెఱువంచును శుభ్రపఱుపదు. నీరు తగ్గు దినములలో దూడల నచటికి తోలకుడు. తొట్టిలో నీరు పెట్టుడు. పేడను గుంటలో వేసి మాగనిండు. దూడ చిక్కినప్పుడు ఉప్పు దిగదుడుచుటకు ముందు అది మేసిన చోటు చూడుడు.