పందెమునాటి బెదురు



ఆటల పోటీలలో దిగు పిల్లల మనఃస్థితిని గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన పంతులునకు ఆటలతో నేమి పని యని మీరడుగవచ్చును. ఈ విషయమున నేనొక తప్పు చేసితిని. అది మీకు చెప్పుకొనుటకే వచ్చితిని.

1991వ సంవత్సరమున నేను పనిచేయుచున్న గ్రామములో ఒక బాలుడు చెడుగుడు ఆటలో మిక్కిలి నేర్పరి. ఎదుటి బరిలోనికి పోయి, కూత తెగకుండ ఇద్దరు ముగ్గురిని తాకి, నవ్వుచు గీత దాటి వచ్చెడివాడు. మండలపు పోటీలలో మా జట్టు తుది ఆటకు చేరెను. ముందునాటి రాత్రి నేనతనిని పిలిచి, “ఊరి పరువు నీ చేతిలో నున్నది. నీవు ఓడివచ్చితివేని మేము తలయెత్తుకొని తిరుగలేము” అంటిని. వానికి పౌరుషము కలిగించితినని సంతోషపడితిని. ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. ఉదయమున ముద్ద దిగలేదు. ఆట మొదలైన పిమ్మట తొలి కూతయే ఎదుటి బరి నడుమ తెగెను. మరల పోయెను, మరల తెగెను. మేమోడితిమి. వాడు మరెన్నడును బరిలో అడుగు పెట్టలేదు.

ఆనాడు నేను వానిని పిరికివాడంటిని. తరువాత శాస్త్రగ్రంథములు చదువగా నాకు సంగతి తెలిసినది. మనస్సు బెదరినపుడు మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి వదలును. గుండె వేగముగా కొట్టుకొనును. నోరెండును. అరచేతులు చెమర్చును. జీర్ణక్రియ మందగించును, కావుననే ముద్ద దిగదు. కండరములు బిగిసికొనును, పనికి వలసినవే కాక వలయనివియు బిగియును. ఊపిరి పొత్తికడుపు వరకు దిగక రొమ్ము పైభాగముననే ఆడును. కూతయనగా ఒక్క దీర్ఘమైన నిశ్వాసము. రొమ్ములోనికి నిండుగా రాని ఊపిరి కూతగా ఎట్లు నిలుచును? వానికి ధైర్యము లేకపోలేదు, ఊపిరి లేకపోయెను. ఆ ఊపిరి తీసినవాడను నేనే.

రెండవ చేటు మనస్సునకు కలుగును. పిల్లలు అమరకోశమును గడగడ అప్పగించుట మీరు వినియుందురు. నడుమ నాపి, “తప్పు రాకుండ చూచుకొనుము” అన్నచో, అంతవరకు తడబడని నాలుక తడబడును. అభ్యాసముచేత దేహమునకు వశమైన విద్యను మరల మనస్సు అడుగడుగునకు కావలి కాయబోయినచో అది చెడును. ఆటగానికిని ఇంతే.

2008వ సంవత్సరమున బీజింగు ఒలింపిక్ క్రీడలలో పది మీటర్ల గాలితుపాకి పందెమున కడపటి గుండునకు ముందు మన అభినవ్ బింద్రాయు, ఫిన్లండు దేశపు హాక్కినెనును సరిసమానముగా నుండిరి. బింద్రా కడపటి గుండునకు 10.8 పాయింట్లు వచ్చెను; హాక్కినెనునకు 9.7 మాత్రమే వచ్చెను. ఒకరికి స్వర్ణము, వేరొకరికి కాంస్యము. తొమ్మిదవ గుండునకు పదియవ గుండునకు నడుమ ఎవరి విద్యయు మారలేదు. ఆ చివరి నిమిషపు బరువు అట్టిది.

ఎంతటివారికైనను ఇది తప్పదు. జగత్ప్రసిద్ధురాలైన సిమోన్ బైల్స్ అను అమెరికా దేశపు వ్యాయామక్రీడాకారిణి 2021లో టోక్యోలో గాలిలో రెండున్నర చుట్లు తిరుగవలసియుండగా ఒకటిన్నర చుట్టుతోనే దిగెను. గాలిలో తన దేహమెటు తిరుగుచున్నదో ఆమెకు తెలియకపోయెను. మెడ విరుగు ప్రమాదము గల ఆట యది. ఆమె జట్టు పందెము నుండి తప్పుకొనెను. అనేకులు నిందించిరి. ఆమె ఆ క్రీడలలోనే వారము దినములకు మరల దిగి కాంస్యము పొందెను; 2024లో పారిసునందు మూడు స్వర్ణములు, ఒక రజతము గెలిచెను. నాటి విరామము పిరికితనము కాదని ఇంతకన్న వేరు సాక్ష్యమేల?

అట్లని బెదురంతయు చెడ్డదని నా యభిప్రాయము కాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అను ఇరువురు పండితులు ఎలుకలకు పాఠము నేర్పి చూచిరి. పాఠము కష్టమైనపుడు, అదలింపు మరీ తక్కువైనను మరీ ఎక్కువైనను నేర్పు మందగించెను. మధ్యమమైనపుడే బాగుగా సాగెను. మృదంగమునకు వార్లు వదులైన నాదము పలుకదు. మితిమీరి బిగించిన చర్మము చిట్లును. బిగింపు వలయును, పాళమును వలయును.

ఇక మనము చేయదగినదేమి? ఊపిరిని మెల్లగా లోనికి తీసి, అంతకంటె మెల్లగా విడుచుట పిల్లలకు నేర్పవలెను. దానివలన గుండెదడ నెమ్మదించును. సాధన చేయునపుడే నలుగురిని చుట్టు నిలిపి, కేకలు వేయించి ఆడించవలెను. అలవాటైన సందడి బెదరించదు. పందెమునకు ముందు చేయు పనులన్నియు నిత్యము ఒకే వరుసగా నుండవలెను. ముందురాత్రి పెందలకడ పరుండబెట్టవలెను. నిద్రలేమి, దిగులు వారములకొలది విడువకున్నచో వైద్యునకు చూపవలెను. జ్వరమునకు చూపుటలో లేని సిగ్గు దీనికేల?

అన్నిటికంటె ముఖ్యము మన నోరు. ద్రోణుడు శిష్యులను పరీక్షించినపుడు అర్జునునకు పక్షి తల తప్ప మరేమియు కనబడలేదు. తక్కినవారికి చెట్టును, గురువును, అన్నదమ్ములును కనబడిరి. ఈ కథను నేను ముప్పది యేండ్లు పాఠము చెప్పితిని. అర్థము మాత్రము ఆలస్యముగా తెలిసికొంటిని. కొన్నాళ్ల క్రిందట ఆ నాటి బాలుడు, నేడు నడివయస్సు రైతు, సంతలో నాకు ఎదురుపడి కుశలమడిగెను. నేను నాటి మాటకు మన్నింపు కోరితిని. అతడు నవ్వి, “ఆ రోజు నాకు గీత కనబడలేదు మాస్టారూ, మీరే కనబడ్డారు” అనెను.

పెద్దలారా, మన పిల్లలు బరిలోనికి దిగునపుడు వారి కంటికి మనము అడ్డు నిలువకుందము. “హాయిగా ఆడి రా నాయనా, అన్నము వేడిగా నుంచెదము” అని పంపుదము. గెలిచి వచ్చినను ఓడి వచ్చినను ఆ అన్నము ఒకే విధముగా వడ్డింపుదము.

సెలవు.