పుండు మానింది - మూత్రపిండాల మాటేమిటి?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మూత్రపిండాల వాపు అనగానే అది పిల్లల జబ్బేలే అంటారు చాలామంది. కొంత నిజమే. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతు నొప్పి వచ్చిన 1-2 వారాలకు, చర్మంపై చీము పుండ్లు లేచిన 3-6 వారాలకు పిల్లల ముఖం ఉబ్బుతుంది, మూత్రం టీ డికాక్షన్ రంగుకు మారుతుంది. వారిలో అత్యధికులు పూర్తిగా కోలుకుంటారు. పెద్దల సంగతి అలా కాదు.

సూక్ష్మజీవి నేరుగా మూత్రపిండాన్ని తినేయదు. దానితో పోరాడేందుకు మన ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలు, ఆ జీవి పదార్థాలు కలిసి మూత్రపిండాల్లోని సన్నని జల్లెడలకు అంటుకుంటాయి. జల్లెడలు వాస్తాయి. రక్తకణాలు, ఆల్బుమిన్ మూత్రంలోకి జారిపోతాయి. ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచి రక్తపోటు పెరుగుతుంది.

పెద్దల్లో, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో, వృద్ధుల్లో, ఇది స్టెఫిలోకాకస్ వల్ల కూడా వస్తుంది. కాలిపుండు, చీముగడ్డ, న్యుమోనియా ఏదైనా మూలం కావచ్చు. చాలాసార్లు పుండు ఇంకా పచ్చిగా ఉండగానే వాపు మొదలవుతుంది.

ఒక అనుభవం దాచకుండా చెబుతాము. షుగర్ ఉన్న ఒక దర్జీ కాలిపుండుతో మా వద్దకు వచ్చారు. రోజూ కట్టు కట్టాము. రెండు కాళ్లూ వాస్తే పుండు వల్లనే అనుకున్నాము. మూత్రం పరీక్ష చేయించింది రెండు వారాల తర్వాత! అప్పటికే క్రియాటినిన్ బాగా పెరిగిపోయింది. కొన్నాళ్లు డయాలసిస్ చేయవలసి వచ్చింది. పుండు మానింది, ప్రాణం దక్కింది, మూత్రపిండాలు మాత్రం మునుపటిలా కాలేదు. ఆ రెండు వారాల జాప్యం మాదే. అప్పటి నుంచి పుండుతో వచ్చిన ప్రతి షుగర్ రోగికీ మూత్రం పరీక్ష తప్పనిసరి చేసుకున్నాము.

పెద్దల్లో కొందరు పూర్తిగా కోలుకుంటారు, కొందరికి శాశ్వత బలహీనత మిగులుతుంది, కొందరు డయాలసిస్‌పైనే బతకవలసి వస్తుంది. ముందే షుగర్ వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ప్రమాదం ఎక్కువ.

కనుక మనవి ఏమిటంటే: పుండును అశ్రద్ధ చేయకండి. పొద్దున లేవగానే ముఖం ఉబ్బినా, మూత్రం రంగు మారినా, తగ్గినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేసుకోవద్దు. ఉప్పు తగ్గించండి. బాగైందని మానేయక రక్తపోటు, మూత్రం, క్రియాటినిన్ డాక్టరు చెప్పినన్నాళ్లు చూపించుకోండి.

మూత్రం పరీక్షకయ్యే ఖర్చు కొద్ది. అది చేయించనందుకు అయ్యే ఖర్చు ఒక కుటుంబం మోయలేనిది.